గమ్లాలో జంజబీల్

పోయిన నవంబర్‌లో ఒకరోజు ఫజర్ నమాజ్ చదువుకుని ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో ఛోటీ మిస్డ్ కాల్స్ మూడు ఉన్నాయి. మా చెల్లెలు ఉండేది గ్లాస్గోలో. అక్కడింకా రాత్రి పదకొండున్నర. ఆ వేళప్పుడు పరదేశం నుంచి కాల్ వస్తే ఎవరికైనా దిల్ ఝల్లుమంటుంది. తిరిగి చేశాను. అవతల ఏడుపు గొంతు.

"భయ్యా, మర్ గయా."

"ఎవరే?"

"అద్రక్."

నవ్వొచ్చింది. మరుక్షణం ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. దానికి అద్రక్ అంటే ఏమిటో నాకు తెలుసు.

ద్రాక్షారామంలో మా ఇంటి ఆంగన్‌లో, బావి గట్టుకి ఆనించి అమ్మీ ఒక వెడల్పాటి గమ్లా పెట్టింది. కడియం నర్సరీల నుంచి అబ్బా తెచ్చిన మట్టి గమ్లా అది. మా డెల్టా నేల నల్లరేగడి, వానొస్తే నీళ్ళు దిగవు, అల్లం దుంప కుళ్ళిపోతుంది. అందుకని అమ్మీ గోదావరి లంక నుంచి ఒండ్రు మట్టి తెప్పించి, ఇసుకా చివికిన పశువుల ఎరువూ కలిపేది. ఎప్పుడు నాటాలో మాత్రం పక్కింటి పిన్నిగారు చెప్పాలి. రోహిణి కార్తె ఎండలు విరిగి మృగశిర రాగానే ఆవిడ గోడ మీద నుంచి కేకేసేది, అమ్మీ "బిస్మిల్లా" అని కొమ్ము పాతేది. సంక్రాంతి దాటాక తవ్వితే ఒక ముక్క పిన్నిగారికి, ఒక ముక్క దర్గా వీధిలో ఉండే ఖాలాకి, ఒకటి మళ్ళీ గమ్లాకి. మిగిలింది చాయ్‌లోకీ, రంజాన్‌లో గంజిలోకీ.

అమ్మీ ఇంతెకాల్ అయినప్పుడు ఛోటీ జనాజాకి అందలేదు. చెహలుమ్‌కి వచ్చింది. వెళ్ళేముందు రోజు గమ్లా దగ్గర కూర్చుని, ఒక కొమ్ము తీసుకెళతానంది. పత్రికలో పనిచేసేవాడిని కదా, నాకు రూల్స్ గుర్తొచ్చాయి. నాటే దుంపలు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా బ్రిటన్‌లోకి తీసుకెళ్ళకూడదని చెప్పాను. అది మారు మాట్లాడలేదు. ఆ చేతిని మళ్ళీ మట్టిలో పెట్టి కొమ్ము కప్పేసింది. రూల్ చెప్పింది సరే, చెప్పిన తీరు బాగాలేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

గ్లాస్గో వెళ్ళాక అక్కడి దుకాణంలో అల్లం కొని నాటింది. పాకెట్ మీద పెరూ అని ఉందట. వేసవంతా కిటికీ దగ్గర ఆకులు నిగనిగలాడుతున్న ఫొటోలు పంపింది. నవంబర్ రాగానే ఆకులు పచ్చబడి వాలిపోయాయి. దానికి రెండు గమ్లాలు ఉంటే, నాకు ఫోన్ చేసేలోపే ఒకటి బయట చెత్తడబ్బాలో పారబోసింది. అమ్మీ ఇంటి అల్లం కాదు కాబట్టే నిలవలేదని దాని నమ్మకం.

ఆ రోజు ఫోన్‌లో దానికి చెప్పింది సగమే. మిగతా సగం కోసం కొన్నాళ్ళు కితాబులు తిరగేశాను. ఆ తారీఖే ఇది.

మొదట ఒక సంగతి. అల్లానికి గింజ ఉండదు. పువ్వు అప్పుడప్పుడు పూస్తుంది గానీ, గింజ కట్టడం మహా అరుదు. అడవిలో తనంతట తాను పెరిగే అల్లం ఎవరికీ కనబడలేదు. పిట్టలు మోసుకుపోవు, గాలికి ఎగరదు, వరదకి కొట్టుకుపోయి ఇంకో ఒడ్డున మొలవదు. మనిషి దుంప విరిచి, ఇంకో చోట పాతితేనే దానికి రేపు ఉంటుంది. అంటే లోకంలో అల్లం ఎక్కడ ఉన్నా, అక్కడికి ఎవరో ఒకరు చేత్తో పట్టుకెళ్ళారన్నమాటే. దాని తారీఖ్ అంతా చేతులు మారిన తారీఖ్.

చేతులతో పాటు దాని పేరూ మారింది. నేను చదివింది ఉర్దూ మీడియం బళ్ళో. దీనియాత్ క్లాసులో సూరె దహర్ వచ్చినప్పుడు మౌల్వీ సాబ్ రెండు లఫ్జుల దగ్గర ఆగారు. ఐదో ఆయత్‌లో కాఫూర్, పదిహేడో ఆయత్‌లో జంజబీల్. రెండూ జన్నత్‌లో ఇచ్చే పానీయాల జిక్ర్‌లో వస్తాయి. ఒకదాని మిజాజ్ ఠండా, ఇంకోదాని మిజాజ్ గరమ్ అని చెప్పి, "జంజబీల్ అంటే మీ అమ్మీలు చాయ్‌లో దంచి వేసేదే" అన్నారు. జన్నత్‌లో ఉండే వస్తువు మా బావి గట్టు మీద ఉందని తెలిసి ఆ సాయంత్రం గమ్లా ముందు చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ ద్రావిడ భాషల పాఠం చెబుతూ మా లెక్చరర్‌గారు బోర్డు మీద "శృంగవేరం" అని రాశారు. సంస్కృతంలో అల్లం పేరు. శృంగం అంటే కొమ్ము గనక కొమ్ములాంటిదని పాతకాలం పండితులు అర్థం చెప్పుకున్నారు. పాళీలో అదే సింగివేర. కానీ ద్రావిడ భాషల మీద పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది మాట వేరు. తమిళ, మలయాళాల్లో అల్లాన్ని ఇంజి అంటారు, దాని పాత రూపానికి "వేరు" కలిస్తే వచ్చిన లఫ్జ్ ఇది అంటారు వాళ్ళు. వేరంటే మనం చెట్టు వేరు అంటామే, అదే. ఈ పేరు పాళీ నుంచి పాత ఫార్సీకి, అక్కడి నుంచి అరబీకి చేరి జంజబీల్ అయింది. ఇంకో దారిలో గ్రీకు, లాటిన్ మీదుగా పోయి ఇంగ్లీషువాళ్ళ జింజర్ అయింది. అల్లం అనే మన పేరు వేరే వంశం గానీ, వేరు మాత్రం మనదీ. మౌల్వీ సాబ్ క్లాసూ లెక్చరర్‌గారి క్లాసూ నా బుర్రలో ఇలా కలుస్తాయని ఆ ఇద్దరూ అనుకుని ఉండరు.

అన్నట్టు, ద్రాక్షారామానికి దగ్గర్లో యానాం వైపు ఇంజరం అని ఊరుంది. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి అక్కడ బట్టల వ్యాపారపు కోఠీ ఉండేది. ఇంజి అనే మాట నేర్చుకున్న కొత్తల్లో అది అల్లం ఊరే అయి ఉంటుందని స్నేహితులందరికీ చెప్పుకు తిరిగాను. సుబూత్ ఒక్కటీ లేదు. పేరు కలిసిందని తారీఖ్ రాసేస్తే ఎలా ఉంటుందో ఈ రోజుల్లో చూస్తూనే ఉన్నాం గనక, ఆ ముచ్చట వదిలేశాను.

ఇక గమ్లా సంగతి. అల్లాన్ని బర్తన్‌లో పెంచడం ఛోటీతో మొదలవలేదు, అమ్మీతోనూ మొదలవలేదు. దీని గురించి నాకు దొరికిన పాత గవాహీ ఇబ్న్ బతూతాది. రాజమండ్రి పెద్ద మసీదు చూసినవాళ్ళకి అక్కడి ఫార్సీ శాసనం గుర్తుండే ఉంటుంది. అది 1324 నాటిది. ఆ ముందు ఏడాదే ఢిల్లీ షహ్‌జాదా ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు గెలిచాడు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అన్న పేరుతో తఖ్త్ ఎక్కింది అతనే. ఆ సుల్తానే 1341లో ఇబ్న్ బతూతాని చీనాకి సఫీర్‌గా పంపాడు. చీనా ఓడ ఎక్కడం కోసం అతను కాలికట్ చేరి, రేవులో నిలిచి ఉన్న పెద్ద పెద్ద చీనా ఓడల్ని చూసి రిహ్లాలో వివరంగా రాసుకున్నాడు. ఎన్ని అంతస్తులు, ఎంతమంది ఖలాసీలు, గదులు ఎలా ఉన్నాయి, అన్నీ. మధ్యలో ఒక చిన్న మాట. ఓడలో పనిచేసేవాళ్ళు పెళ్ళాం పిల్లలతో ఓడలోనే కాపురం ఉంటారట, చెక్క తొట్లలో ఆకుకూరలూ కాయగూరలూ అల్లమూ పెంచుకుంటారట.

అల్లానికి మషహూర్ అయిన మలబార్ తీరంలో నిలబడి కూడా తొట్లో అల్లం అతని కంటికి ఆనింది. ఓడ మీద తొట్టి అంటే వాళ్ళకి ఇంటి పెరడే. ఈ సంగతి చెప్పి, ఆ అల్లం వల్లే చీనా ఖలాసీలకి స్కర్వీ రాలేదని ఇంటర్నెట్‌లో చాలామంది రాస్తుంటారు. అల్లంలో ఉండే విటమిన్ సి కొద్దిపాటిదే. ఇబ్న్ బతూతా ఆ మాట అనలేదు, నేనూ అనను. నోటికి రుచి కావాలని పెంచుకుని ఉంటారు. అది చాలదా!

ఓడల మీదే అల్లం చలిదేశాలకీ వెళ్ళింది. ఎండబెట్టిన శొంఠి రూపంలో యూరప్‌కి ఎప్పటినుంచో పోతూనే ఉంది. రోమ్‌వాళ్ళ కాలం నుంచి దాని తిజారత్ ఉంది, మధ్యలో అరబ్ సౌదాగర్ల చేతుల మీదుగా నడిచింది. కానీ శొంఠి మొలవదు. పచ్చి దుంప బతికి చేరాలంటే దగ్గరి నుంచి రావాలి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు అల్లాన్ని అట్లాంటిక్ దాటించి కరీబియన్ దీవుల్లో నాటాక ఆ వీలు కలిగింది. అక్కడి నుంచి పచ్చి దుంపలు ఇంగ్లండు చేరసాగాయి.

వాటిలో కొన్ని లండన్‌లో జాన్ జెరార్డ్ అనే వైద్యుడి చేతిలో పడ్డాయి. హోల్‌బర్న్‌లో అతనికి పెద్ద తోట ఉండేది. 1597లో అచ్చయిన తన మొక్కల గ్రంథంలో అతను అల్లం గురించి సొంత తజుర్బా రాశాడు. పశ్చిమ దీవుల నుంచీ ఇతర వేడి దేశాల నుంచీ రసం నిండిన పచ్చి దుంపలు తనకి తెచ్చిచ్చారనీ, వేసవి వేడికి అవి తన తోటలో మొలిచి పచ్చని ఆకులేశాయనీ, శీతాకాలపు తొలి చలిగాలి తగలగానే ఆకూ దుంపా రెండూ చచ్చిపోయాయనీ. ఒక్కసారి కాదు, తెచ్చిన ప్రతిసారీ. ఆ పేజీ చదువుతుంటే నాకు ఛోటీ గొంతే వినిపించింది. నాలుగు వందల ఏళ్ళ తేడాతో అదే ద్వీపంలో, అదే మౌసమ్‌లో, అదే అఫ్సోస్.

జెరార్డ్ కళ్ళతో చూసి రాసినదాన్ని కాదనలేం. మంచు పడే నేలలో ఉన్న దుంప గడ్డకట్టి కుళ్ళడం ఖాయం. కానీ ఆకు చావడం వేరు, దుంప చావడం వేరు. ఆకు పచ్చబడగానే తవ్వి, తుడిచి, ఇంట్లో వెచ్చటి మూల పెట్టుకుని ఉంటే? అతనికి ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. దుంప వచ్చింది గానీ, దాన్ని పెంచే చెయ్యి వెంట రాలేదు.

ఆ చెయ్యి వెళ్ళడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ దారి మా ఊరి దగ్గర్లోంచే పోయింది. గ్లాస్గోకి దక్షిణాన ఎయిర్‌షైర్ అనే జిల్లా ఉంది, ఛోటీ వాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడి సముద్రానికి వెళ్తుంటారు. 1751లో అక్కడ పుట్టిన విలియం రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరోలో వైద్యం చదివి, కంపెనీ సర్జన్‌గా మద్రాసు వచ్చి, 1781లో మన సామర్లకోట చేరాడు. ద్రాక్షారామం నుంచి కాకినాడ దాటితే సామర్లకోటే. భీమేశ్వరుడి పంచారామాల్లో అదీ ఒకటి. అక్కడ కంపెనీకి తోట వేశాడు. రాజమండ్రి కొండల్లో అడవి మిరియం కనిపించడంతో మిరియాల మీద ఆశపెట్టుకుని తీగలు పెట్టించాడు, అది పెద్దగా కలిసిరాలేదు. చెట్టు చెట్టుకీ ఇక్కడివాళ్ళు ఏ పేరు పెట్టి పిలుస్తారో అడిగి తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. అతని జమానాలో గీసినవి మొత్తం దాదాపు రెండున్నర వేలు. గీసినవాళ్ళ పేర్లు మాత్రం దాదాపు దక్కలేదు. ఆ బొమ్మల్లో కొన్నిటితో 1795 నుంచి లండన్‌లో కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం వచ్చింది. దాని మీద రాక్స్‌బర్గ్ పేరుంది. మా గోదావరి ప్రాంతపు కలం పట్టినవాళ్ళు అందులో బొమ్మలై మిగిలారు.

1793లో అతను కలకత్తా కంపెనీ తోటకి బదిలీ అయ్యాడు. అల్లం, పసుపు, ఏలకి, కచ్చూరం లాంటి అల్లం ఖాందాన్ మొక్కల మీద చాలాకాలం పనిచేశాడు, 1810లో వాటి వర్ణనలు అచ్చువేశాడు. అతని కలకత్తా తోటకీ లివర్‌పూల్‌లో 1802లో మొదలైన తోటకీ మధ్య మొక్కల రాకపోకలుండేవి. లివర్‌పూల్ తోట పెట్టించినవాడు విలియం రాస్కో. బ్యాంకు నడిపేవాడు, కవిత్వం రాసేవాడు, అల్లం ఖాందాన్ అంటే ఇష్క్. కొలిమి వేడితో వెచ్చబెట్టిన అద్దాల గదుల్లో వాటిని ఆ ఉత్తరాది చలిలో పెంచి, పూయించి, పరిశీలించాడు. ఇవాళ సైన్సులో అల్లానికి ఉన్న జింజిబెర్ అఫిసినేల్ అనే పేరు 1807లో అతను ఖాయం చేసిందే. మన "వేరు" అందులోనూ ఉంది, చూడండి.

ఆ 1807కి ఇంకో వైపు ఉంది. కరీబియన్‌లో అల్లం, చెరకు తవ్వింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన గులాములు. ఆ గులాముల ఓడలకి పెద్ద రేవు లివర్‌పూల్. రాస్కో అప్పుడు అదే ఊరి ఎంపీ. ఆ ఏడాది గులాముల వ్యాపారం ఆపే బిల్లుకి అతను ఓటేశాడు, ఊరికి తిరిగొచ్చాక జనం అతని మీద విరుచుకుపడ్డారు. అద్దాల గదిలో అల్లం పువ్వు కోసం ఇంతెజార్ చేసినవాడికి, బయట ప్రపంచంలో అల్లం ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలుసు. అల్లం గురించి రాసే చాలామంది ఈ రెండో సంగతి వదిలేస్తారు. నాకు మొదటిదాని కన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

సరే, కొలిమి లేనివాళ్ళ మాటేమిటి? 1829లో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్, మూతపెట్టిన సీసాలో దానంతట అది మొలిచిన ఫెర్న్ మొక్కని చూశాడు. లోపలి తేమ లోపలే తిరుగుతుంటే మొక్కకి బయటి గాలి అవసరం పడలేదని గమనించి, అద్దాల పెట్టెలు చేయించాడు. తర్వాత లోకంలో మొక్కల ఓడ సఫర్‌లు చాలావరకు ఆ పెట్టెల్లోనే. ఛోటీ మొలకలొచ్చేదాకా గమ్లా మీద ప్లాస్టిక్ సంచి తొడిగేది. అదేమిటో తెలియకుండానే వార్డ్ పెట్టె చేసింది.

అసలు చలిలో అల్లం ఎలా మసులుకుంటుందో చూడ్డానికి బిలాయత్ దాకా పోనక్కర్లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక చలికాలం, లంబసింగి చలి మీద వార్త రాయమని మా డెస్కువాళ్ళు నన్ను చింతపల్లి పంపారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, తెల్లారేసరికి గడ్డి మీద మంచు. దారిలో కొండవాలున గిరిజన రైతులు అల్లం తవ్వుతున్నారు. ఆకు ఎప్పుడో ఎండిపోయింది. ఇంత చలిలో పంట పాడవదా అని అడిగితే నావైపు వింతగా చూశారు. చలి ముదిరేసరికి అల్లం పని అయిపోతుంది కదా అన్నారు. ఎండాకాలం చివర నాటుతారు, వానలకి పెరుగుతుంది, చలికి ఆకు పండుతుంది, దుంప నిద్రపోతుంది. విత్తనానికి ఉంచే దుంపని నీడలో గోతిలో దాచుకుని మళ్ళీ వేసవికి తీస్తారు. మన్యం వైపు ఈ పంట ఎంత పాతదంటే, అల్లం రకాల జాబితాల్లో నర్సీపట్నం పేరుతో ఒక రకమే ఉంది. సరిహద్దు దాటితే కోరాపుట్ జిల్లా పొట్టంగిలో ఎత్తు ప్రాంతాల పరిశోధన కేంద్రం వాళ్ళు సుప్రభ, సురుచి అని కొత్త రకాలే తీశారు. అల్లానికి దుష్మన్ చలి కాదు. మంచు గడ్డ, నిలవ నీరు, ఈ రెండూ.

మా సంతకి వచ్చే అల్లం ఆ కొండల వైపు నుంచి దిగేదే. అమ్మీ మొదటి కొమ్ము ఆ సంతలోనే కొంది. ఈ మాట ఛోటీకి చెబితే ఒప్పుకోలేదు, అది నానీ ఇంటి నుంచి వచ్చిందని దాని పట్టుదల. అప్పుడు ఇంకోటి గుర్తుచేశాను. ఒక ఏడు తుఫాను వానలకి మా గమ్లా మొత్తం దుంపకుళ్ళు పట్టి పోయింది. అమ్మీ చేసింది ఒకటే, పక్కింటికి వెళ్ళి పిన్నిగారి పెరట్లోంచి ఒక ముక్క తెచ్చుకుంది. అమ్మీ అల్లం అని మనం అనుకునేది అప్పటి నుంచి పిన్నిగారి అల్లమే. పిన్నిగారిది అంతకుముందు అమ్మీ ఇచ్చింది. పెరూ అల్లమైనా అంతే, ఎవరో ఆసియా నుంచి ఓడలో పట్టుకుపోయి పాతిన దుంప తాలూకు ముక్కే.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయితే రెండోది పారేయనా, వద్దా?" అంది.

వద్దన్నాను. ఏం చేయాలో చెప్పాను. నీళ్ళు పూర్తిగా ఆపేయాలి. ఆకు బాగా ఎండాక గమ్లా బోర్లించి మట్టి దులపాలి. లేత ముక్కలు చాయ్‌కి, లావుగా, కళ్ళు ఉబ్బి ఉన్నవి విత్తనానికి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, పది పన్నెండు డిగ్రీల కన్నా కిందికి పోనివ్వొద్దు. కాగితం సంచిలో వేసి, బాయిలర్ ఉన్న అల్మారా పైఅరలో పెట్టమన్నాను. అక్కడ డిసెంబర్‌లో నాలుగ్గంటలకి ముందే మగ్రిబ్ అయిపోతుంది, వెలుతురే లేనప్పుడు మొక్కని బలవంతాన మేల్కొల్పి లాభం లేదు. ఫిబ్రవరి చివరా మార్చిలో కొబ్బరి పొట్టు తడిపి, కళ్ళు పైకి ఉండేలా పైపైన పాతి, ఇరవై డిగ్రీలకి తగ్గని చోట పెట్టాలి. గమ్లా లోతుకన్నా వెడల్పు ముఖ్యం, దుంప పక్కలకి పాకుతుంది. మొలక కనబడ్డాకే నీళ్ళు పెంచాలి. ఎనిమిది తొమ్మిది నెలలు దానికి వేసవి అని నమ్మించాలి, అంతే.

తవ్వి తూచిందట, మూడు వందల గ్రాములు. ఇంత ఉంటుందనుకోలేదని ఫొటో పంపింది. అందులో రెండు కొమ్ములు సంచిలో పడుకున్నాయి. సంచి మీద ఉర్దూలో "అమ్మీ" అని రాసి ఉంది. పాకెట్ మీది పెరూ సంగతి నేను ఎత్తలేదు.

నిన్న రాత్రి మళ్ళీ మెసేజ్. ఒక కొమ్ముకి చిన్న ఆకుపచ్చ చుక్క కనిపిస్తోందట, ఇప్పుడే నీళ్ళు పోయనా అని. ఇంకా జనవరే. రంజాన్ చాంద్ కనబడేదాకా ఆగమన్నాను.